ఎడమ బుగ్గ మీది చుక్క

మా ఇంట్లో సినిమా చూడడమంటే సగం సేపు చక్రం చూడడమే. హీరో కత్తి ఎత్తుతాడు. కత్తి అక్కడే ఆగిపోతుంది. దాని మీద తెల్ల చక్రం ఒకటి గిర్రున తిరుగుతూ ఉంటుంది. ఆ కత్తి దిగేలోగా మా అత్తగారు సన్యాసమ్మ వంటింట్లోకి వెళ్ళి, పప్పు కలియబెట్టి, వచ్చి మళ్ళీ కూర్చునేది. "ఆడింకా సావలేదేటి?" అని అడిగేది.

తప్పు సినిమాది కాదు, మా గోడలది. మర్రిపాలెంలో మాది పాత ఇల్లు. సినిమాలు, పెళ్ళి వీడియో, పాప బొమ్మల కథలు అన్నీ పడగ్గదిలో కంప్యూటర్లో ఉండేవి. టీవీ హాల్లో ఉండేది. మధ్యలో ఉన్న రాతి గోడ దాటేసరికి వైఫైకి ఆయాసం వచ్చేది. మా ఆయన ఉపేంద్ర, పాత సామాన్ల కొట్లో ఎవరో ఆడి ఆడి వదిలేసిన గేమ్ కన్సోల్ ఒకటి కొనుక్కొచ్చాడు. మూత విప్పి, లోపల ఏవో అతికించి, అది కంప్యూటర్ నుంచి సినిమాలు లాక్కుని టీవీకి అందించేలా మార్చాడు. మేం దాన్ని 'పెట్టె' అనేవాళ్ళం. పెట్టె బాగానే పనిచేసేది. చక్రం మాత్రం పోలేదు.

తక్కువ డేటాతో బొమ్మలు పంపడం ఎలా అన్నదే ఆఫీసులో కూడా ఆయన పని. రుషికొండ వైపు ఒక చిన్న ప్రైవేటు పరిశోధనశాల వాళ్ళది. ఊరందరి చక్రాలూ ఆపుతానని తిరిగే మనిషికి, సొంత ఇంట్లో చక్రం తిరుగుతుంటే తలవంపులుగా ఉండేదనుకుంటాను.

ఒక ఆదివారం టిఫిన్లు అయ్యాక కాగితం మీద ఎడమ పక్కన ఒక ప్లస్ గుర్తు, కుడి పక్కన ఒక నల్ల చుక్క పెట్టి నా మొహం ముందు పట్టుకున్నాడు.

"ఎడమ కన్ను మూసుకో ఇందూ. కుడి కంటితో ప్లస్ గుర్తునే చూడు. చుక్క వైపు చూడకు."

కాగితాన్ని మెల్లగా నా దగ్గరికి తెచ్చాడు. ఒక చోటికి వచ్చేసరికి చుక్క మాయమైంది.

"పోయింది!" అన్నాను.

"పోయిన చోట ఏం కనిపిస్తోంది?"

"ఏముంటుంది? తెల్ల కాగితం."

"అక్కడ నీ కంటికి చూపే లేదు. అందరికీ పుట్టుకతో ఉండే గుడ్డి మచ్చ అది. చుట్టూ తెల్లగా ఉంది కదా, ఇక్కడా తెల్లగానే ఉంటుందిలే అని నీ మెదడే పూడ్చేసింది. నువ్వు చూస్తున్నాననుకుంటున్నావు. చూడటం లేదు."

అత్తయ్య కూడా కాగితం లాక్కుని ఓ కన్ను మూసి చూసింది. "ఈ పాటిదానికి ఇన్ని సదువులేల? రెండు కళ్ళూ మూసుకుంటే లోకమంతా మాయమే కదేటి," అని కాగితం తిరిగి ఇచ్చేసింది.

మా ఆయన మెదడులో పుట్టిన పురుగు అదే. బొమ్మంతా పంపడం దేనికి? పావు వంతు పంపి, మిగతా చోటంతా కంటికి అందనంత వేగంగా ఒక రకం మినుకుమినుకు పంపితే చాలు. ఆ మినుకుని చూసినప్పుడు మెదడు అక్కడ గుడ్డి మచ్చ ఉందనుకుంటుంది. మిగిలిన ముప్పావు వంతూ తనే పూడ్చుకుంటుంది. ఆ పద్ధతికి 'పూడిక' అని పేరు పెట్టాడు.

"జనం చెరువుల్లో పూడిక తీయించండి బాబూ అని మొత్తుకుంటుంటే, మీరు మా బుర్రల్లో పూడిక వేస్తారా?" అన్నాను. ఆయన పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను.

కొత్త మందు ముందుగా ఇంట్లోవాళ్ళకి పోసి చూసే వైద్యుడు ఎక్కడైనా ఉంటాడా? మా ఆయన పోశాడు. ల్యాబులో అనుమతులు వచ్చేదాకా ఆగలేక, పూడికని మా పెట్టెలో ఎక్కించేశాడు.

చక్రం చచ్చింది. కత్తి ఎత్తిన క్షణంలోనే దిగింది. అంతే కాదు, అంత అందమైన బొమ్మ నేను ఏ థియేటర్లోనూ చూడలేదు. ఆకులు ఒక్కొక్కటీ కనిపించేవి. మా పెళ్ళి వీడియోలో పందిట్లో ఉన్న ప్రతి మొహమూ చక్కగా కనిపించింది. మూడేళ్ళ మా ధాత్రికి పెట్టె పెడితే తప్ప ముద్ద దిగేది కాదు. పొద్దున పాలు పెట్టె ముందు, మధ్యాహ్నం అన్నం పెట్టె ముందు. పిల్ల అల్లరి తగ్గిందని నేను సంతోషించాను కూడా.

ఒకసారి ముగ్గురం కూర్చుని ఓ పాత సినిమా చూశాం. అయిపోయాక, ఆఖర్లో ఆ పిల్ల కట్టుకున్న ఎర్ర చీర ఎంత బాగుందో అన్నాను.

"ఎర్రదేటి? పచ్చదే కదా!" అంది అత్తయ్య.

"తెల్ల చీర కదూ? విధవరాలైంది కదా అప్పటికి," అన్నాడు ఉపేంద్ర.

కాసేపు వాదించుకుని, నవ్వుకుని, అన్నాలకి లేచాం. ముగ్గురం మూడు సినిమాలు చూశామన్న సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు.

తర్వాత అత్తయ్య తేడాగా ఉండడం మొదలుపెట్టింది. సాయంత్రం మజ్జిగ గ్లాసు పట్టుకుని వెళ్ళి, ఉపేంద్ర కూర్చునే కుర్చీ ముందు చెయ్యి చాపేది. "తాగు బాబూ, ఎండలో వచ్చీసినావు." కుర్చీ ఖాళీగా ఉండేది. ఆయనింకా ఆఫీసు నుంచి రానేలేదు. గ్లాసు ఎవరూ అందుకోకపోయేసరికి తెల్లబోయేది. కళ్ళ డాక్టరుకి చూపించాం. చూపు బాగానే ఉందన్నాడు. ఇంకేం, వయసు మీద పడిందని మేమిద్దరం తేల్చేశాం. పెద్దవాళ్ళ మీదికి నెట్టేస్తే ఎంత సుఖమో!

పాల సంగతి మాత్రం నాదే. పొయ్యి మీద పాలు పెట్టి ఎదురుగానే నిలబడ్డాను. గిన్నెలో పాలు మీగడ కట్టి బుద్ధిగా ఉన్నాయి. మాడు వాసన వచ్చింది. పక్కింట్లో ఏదో మాడిందనుకున్నాను. కాళ్ళ మీద వేడిగా పడ్డాక గానీ తెలియలేదు, పాలన్నీ పొంగి గట్టు మీంచి కారిపోతున్నాయని. ఒక్క ఉదుటున వెనక్కి గెంతాను. అప్పుడు చూస్తే గిన్నె సగం ఖాళీ. పరధ్యానం అని నన్ను నేనే తిట్టుకున్నాను. కానీ నేను పరధ్యానంగా లేను. పాలనే చూస్తున్నాను.

ఆ రోజుల్లోనే ల్యాబులో పూడికని కొనుక్కుందామని ఏదో కంపెనీవాళ్ళు వచ్చారు. ఇంట్లో వాడుతున్నవాళ్ళు ఒక మంచి మాట చెబితే బాగుంటుందని ఉపేంద్ర నన్నూ తీసుకెళ్ళాడు. అక్కడికి వెళ్ళడం అదే మొదటిసారి. ల్యాబు పెద్ద నళినీ మేడం ఎదురొచ్చి పలకరించింది. నెలల తరబడి ఆమే పూడిక తెర ముందు కూర్చుని పరీక్షలు చేస్తోందట. మాట్లాడుతూనే భుజం మీది సంచీ తీసి గోడకి తగిలించింది. సంచీ ధబ్బున కింద పడింది.

"అరె, జారింది," అని నవ్వింది.

జారడానికి అక్కడ ఏముందని? బోడి గోడ. కొత్తగా రంగు వేసిన వాసన ఇంకా వస్తోంది. చదువుకున్నవాళ్ళ మతిమరుపు ముచ్చటగా ఉంటుందిలే అనుకుని నేనూ నవ్వాను. కంపెనీవాళ్ళు తెర చూసి చప్పట్లు కొట్టారు. వచ్చే ఏడాదికి దేశంలో ప్రతి ఫోన్లోనూ ఉంటుందన్నారు. ఉపేంద్ర మొహం పెళ్ళినాటికన్నా వెలిగిపోయింది.

ఆ మర్నాడే అది జరిగింది.

పొద్దున ధాత్రికి తల దువ్వి, పట్టీలు తొడిగి, దిష్టి చుక్క పెట్టబోయాను. పిల్ల గింజుకుంది. కాటుక వేలు వెళ్ళి కుడి బుగ్గ మీద పడింది. అత్తయ్య గుమ్మంలోంచే కసిరింది.

"అదేటే, ఆడగుంటకి ఎడం బుగ్గన కదా ఎట్టాలి! తుడిసీసి మళ్ళా ఎట్టు."

"ఒక్కరోజుకి ఏం కాదులెండి అత్తయ్యా. దిష్టికి కుడీ ఎడమా తెలుస్తాయేంటి?" అన్నాను. అలాగే వదిలేశాను.

మధ్యాహ్నం నీళ్ళ ట్యాంకరు వచ్చింది. మా వాకిట్లో గేటు పక్కనే సంపు. లోతైనదే, నిండితే నన్ను కూడా ముంచేస్తుంది. ట్యాంకరతను గొట్టం తీసి చుట్టుకుంటూ, "మూత బరువుగుందమ్మా, ఏసేసుకోండి," అని కేకేసి వెళ్ళిపోయాడు. నేను బయటికి వచ్చి చూశాను. ఇనప మూత వేసే ఉంది. వేసి వెళ్ళాడే, మంచివాడు, అనుకుని లోపలికి వచ్చేశాను.

ధాత్రి హాల్లో చాప మీద పడుకుని ఉంది. రోజూ ఆ వేళకి అక్కడే పడుకుంటుంది, గోడ వైపు కాళ్ళు పెట్టి, ఒక చెయ్యి చెంప కింద పెట్టుకుని. అత్తయ్య వరండాలో వాకిటి వైపు తిరిగి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేను ఫ్యాను కింద కూర్చుని బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టాను.

ఘల్లుమంది. పట్టీల చప్పుడు. బయటి నుంచి.

చాప వైపు చూశాను. పిల్ల కాళ్ళు కదల్లేదు. ఎదురింటి వాళ్ళ పాపేమో అనుకున్నాను. మళ్ళీ ఘల్లుమంది. ఎదురింటి పాపకి పట్టీల్లేవు. నిద్రపోతున్న నా కూతుర్ని మరోసారి చూశాను. నోరు కొద్దిగా తెరిచి ఉంది. జుట్టు నుదుటి మీద పడింది. ఎడమ బుగ్గ మీద గుండ్రంగా కాటుక చుక్క.

ఎడమ బుగ్గ మీద.

మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి చాప మీద చెయ్యి వేశాను. నా కళ్ళ ముందే నా చెయ్యి నా పిల్ల పొట్టలోంచి దిగిపోయి చాపని తాకింది. అప్పుడు పోయింది ధాత్రి. నలిగిన దుప్పటి, చిన్న దిండు మిగిలాయి.

"అత్తయ్యా! పాప ఏదీ?" అని అరుస్తూ వరండాలోకి పరిగెత్తాను.

"నోపల తొంగుంది కదే. నానిక్కడే ఉన్నాను, ఇటేపు ఎవలూ రాలేదు," అంది అత్తయ్య, వాకిటినే చూస్తూ.

వాకిలి ఖాళీగా ఉంది. మందార మొక్క, గేటు, సంపు మూత, అన్నీ ఎప్పటిలాగే. మనిషన్నది లేదు. ఆ ఖాళీ వాకిట్లోంచి, సంపు దగ్గర్నుంచి, ఘల్లుమని మోగింది. తర్వాత చిన్న నవ్వు వినిపించింది. నీళ్ళలో తన నీడని చూసుకుని నవ్వే నవ్వు.

పాలగిన్నె గుర్తొచ్చింది. మూత వేసి ఉందని నాకెవరు చెప్పారు? నా కళ్ళే కదా చెప్పాయి.

కేకేస్తే పిల్ల పరుగు తీస్తుంది. తరిమితే ఇంకా నవ్వుతూ పరిగెడుతుంది, అదొక ఆట దానికి. మాకు మరో ఆట కూడా ఉంది. ఆ ఆటలో పిలిచినట్టే పిలిచాను. "ధాత్రీ... స్టాచ్యూ!"

చప్పుడు ఆగిపోయింది. నా బంగారుతల్లి ఆటలో ఎప్పుడూ దొంగాట ఆడదు. స్టాచ్యూ అంటే కదలదు, పలకదు. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. పిల్లని కదలకుండా ఆపాను. కానీ పిల్ల ఎక్కడుందో చెప్పే ఒక్క ఆనవాలునీ ఆపేశాను.

చేతులూ మోకాళ్ళూ నేలకి ఆనించి పాకాను. తడిమట్టి చేతికి అంటింది, కళ్ళకి మాత్రం ఎండిన నేలే కనిపిస్తోంది. ముందుకి ఒక చెయ్యి, తర్వాత రెండోది. వెనక అత్తయ్య, "ఏటయిందే నీకు? ఎవలున్నారక్కడ?" అని ఏడుపు గొంతుతో అడుగుతోంది. ఇనప మూత మీద చెయ్యి వేశాను. తుప్పు మచ్చలతో సహా మూత కనిపిస్తోంది. చెయ్యి ఆ మూతలోంచి కిందికి వెళ్ళి చల్లటి నీళ్ళలో పడింది.

అరుపు గొంతులోనే నొక్కేసుకున్నాను. రెండో చేత్తో గట్టు అంచు తడుముకుంటూ పక్కకి జరిగాను. సిమెంటు, సిమెంటు, తడి, సిమెంటు. అప్పుడు వెచ్చగా, చిన్నగా, ఒక పాదం తగిలింది. గట్టిగా పట్టేసుకున్నాను.

పట్టుకున్న చోటి నుంచి పైకి నా కూతురు కనిపించడం మొదలుపెట్టింది. ముందు పట్టీ, తర్వాత మోకాలు, గౌను, చివరికి మొహం. కుడి బుగ్గ మీద చుక్క. ఒక కాలు గట్టు మీద, రెండో కాలు గాల్లో పెట్టి, ఊపిరి బిగబట్టి, స్టాచ్యూలా నిలబడి ఉంది. కింద నల్లగా నీళ్ళు.

లాక్కుని గుండెలకి హత్తుకుని ఏడ్చాను. ధాత్రికి కోపం వచ్చింది. "అమ్మా, నేను కదల్లేదు. నేనే గెలిచాను," అంది.

ఫోన్ చేస్తే ఉపేంద్ర ఆఫీసు నుంచి పరుగున వచ్చాడు. నేను చెప్పిందంతా విని చాప పక్కన కూలబడ్డాడు. ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు. తర్వాత లేచి పెట్టె తీగలన్నీ పీకి, దాన్ని బండరాయి మీద పెట్టి సుత్తితో కొట్టాడు. ధాత్రి బెంబేలెత్తి ఏడ్చింది. అది దానికి నేస్తం మరి.

మరునాడు ఇద్దరం ల్యాబుకి వెళ్ళాం. నళినీ మేడం వినడానికి ఇష్టపడలేదు.

"ఇంట్లో పరీక్షించడం నీ తప్పు ఉపేంద్రా. అలసట, భయం, ఇవి కూడా కళ్ళని మోసం చేస్తాయి. ఇక్కడ ఇంతమందిమి చూస్తున్నాం. మాకేం కాలేదే!"

నాకు సంచీ గుర్తొచ్చింది. "మేడం, మీ సంచీ ఎక్కడ తగిలిస్తారు?" అని అడిగాను.

"అదేం ప్రశ్న? అదిగో, ఆ కొక్కేనికి," అని బోడి గోడ చూపించింది.

"మీకు కనిపిస్తోందా?" అని ఉపేంద్రని అడిగాను. ఆయన తలూపాడు. గదిలో పనిచేసుకుంటున్నవాళ్ళందరినీ అడిగాను. అందరూ గోడ వైపు చూసి, కొక్కెం ఉందన్నారు. ఇత్తడిదన్నారు. ఆ గోడ మీద కొక్కేన్ని నేనెప్పుడూ చూసి ఎరగను, అందుకే నా కళ్ళు దాన్ని పూడ్చలేదు. వాళ్ళు రోజూ చూసినవాళ్ళు.

నేను మేడం చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, ఆ చోట ఆనించాను. ఆమె అరచెయ్యి గోడ మీద అటూ ఇటూ తిరిగింది.

"రంగు వేసేటప్పుడు పీకేశారు," అంది. "పీకమని నేనే చెప్పాను." తర్వాత నెమ్మదిగా కుర్చీని చేత్తో తడిమి, ఉందని రూఢి చేసుకుని కూర్చుంది. "నేను రోజూ కారు నడుపుకుంటూ ఇంటికి వెళ్తున్నాను ఉపేంద్రా. బీచ్ రోడ్డు ఎప్పుడూ ఖాళీగానే కనిపిస్తోంది."

ఆ రోజు సాయంత్రమే కంపెనీవాళ్ళకి పూడిక ఇవ్వడం లేదని చెప్పేసింది. కారు తాళాలు మా ఆయన చేతిలో పెట్టబోయి, ఆయనా అదే తెర ముందు కూర్చున్నవాడని గుర్తొచ్చి, బల్ల మీద పడేసింది. అందరం బస్సెక్కి ఇళ్ళకి వెళ్ళాం.

జబ్బు ఏమిటో ఆమే విడమరచి చెప్పింది. మెదడుకి ఊహించుకోవడం తేలిక, చూడడం కష్టం. పూడిక దానికి తేలిక దారి మప్పింది. మందేమీ లేదు. అలవాటైనవాటినే మెదడు పూడ్చుకుంటుంది గనక, ఇంట్లో ఏదీ అలవాటైన చోట ఉండకూడదు. రోజూ అన్నీ మారాలి. చిన్నపిల్ల కాబట్టి ధాత్రి అందరికన్నా ముందు సర్దుకుంటుందని కూడా చెప్పింది. మేం నమ్మాం. తల్లిదండ్రులకి అలాంటి మాట నమ్మడం ఎంత తేలికో!

ఇక మా ఇంట్లో వస్తువుకి స్థిరం లేకుండా పోయింది. మంచం ఈరోజు కిటికీ కింద, రేపు తలుపు పక్క. చాప పడగ్గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి హాల్లోకి. సంపుకి తాళం వేయించాం, తాళం ఉందో లేదో రోజూ చేత్తో లాగి చూస్తాం. "ఉప్పుడబ్బా ఎక్కడెట్టీసినావే, కూర సప్పబడిపోతంది!" అని అత్తయ్య కేకలు. ఎడమ బుగ్గ పట్టింపు మాత్రం ఆవిడే వదిలేసింది. రోజుకో చోట చుక్క పెట్టి, "ఇయ్యాళ గెడ్డం మీద," అని ఇంటిల్లిపాదికీ వినపడేలా చాటించేది. మెల్లమెల్లగా చుక్క పెట్టిన చోటే కనిపించడం మొదలైంది. ఉపేంద్ర కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు అత్తయ్యకి ఖాళీగానే కనిపిస్తోంది. గండం గడిచిందనుకున్నాం.

ఒక పొద్దున మేడ మీద బట్టలు ఆరేసి కిందికి దిగాను. వంటింట్లో ధాత్రి ఎవరితోనో మాట్లాడుతోంది. అత్తయ్యేమోలే అనుకుంటూ గుమ్మంలోకి వచ్చాను. అత్తయ్య లేదు. ధాత్రి తలెత్తి పొయ్యి వైపు చూస్తోంది.

"అమ్మా, బెల్లం పెట్టవా?" అంది. ఆగింది. ఏదో చూసినట్టు నవ్వింది. "కొంచెమే. ఇంతే."

పొయ్యి దగ్గర ఎవరూ లేరు.

"ధాత్రీ," అని పిలిచాను.

"ఆఁ, అమ్మా," అంది పిల్ల, పొయ్యి వైపే చూస్తూ.

ఇంట్లో అన్నీ కదిపాం. పొయ్యి గట్టు మాత్రం కదపలేం కదా. రోజూ దాని పక్కనే నిలబడి వండేదాన్ని నేను. కదపడం మరిచిపోయిన వస్తువుని నేనే. మా ముగ్గురికీ పూడిక రాకముందు ఏళ్ళ తరబడి చూసిన చూపు ఉంది, వెనక్కి వెళ్ళడానికి. ధాత్రికేముంది? ఊహ తెలిసినప్పటి నుంచీ పెట్టె ముందే ఉంది. మా కళ్ళని చూసుకుంటూ కూర్చున్నాం గానీ, ఇది ఏం చూస్తోందో ఒక్కరం కూడా అడగలేదు.

వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను. ఉలిక్కిపడి తిరిగింది. నన్ను చూసింది. మళ్ళీ పొయ్యి వైపు చూసింది. "రెండు అమ్మలు," అంది, భయపడకుండా, వింతగా.

కాటుక భరిణె తెచ్చాను. దాని వేలు పట్టుకుని కాటుకలో ముంచి, నా బుగ్గ మీద పెట్టించాను. "చూడు కన్నా. చుక్క ఉన్నదే అమ్మ."

ధాత్రి నా మొహం చూసి, పొయ్యి వైపు చూసి, పెదవి విరిచింది. "ఆ అమ్మకి లేదు. పాపం. ఆ అమ్మకీ పెడతా."

నేను ఆపేలోగా కాటుక వేలు పైకెత్తి పరిగెత్తింది. పొయ్యి ఆర్పి ఉంది కాబట్టి సరిపోయింది. గట్టు ముందు మునివేళ్ళ మీద లేచి, చెయ్యి చాపింది. ఎవరి నడుమో తగలాల్సిన చోట చెయ్యి గాల్లో ఆడింది. మళ్ళీ చాపింది. రెండు చేతులతో తడిమింది. దాని మొహం ఎలా మారిపోయిందో చూశాను. ఆ మొహం నేను చచ్చేదాకా మరిచిపోలేను.

"అమ్మ పోయింది," అని బావురుమంది. "అమ్మ లేదు! అమ్మ పోయింది!"

ఎత్తుకున్నాను. నా మెడ చుట్టూ చేతులు వేసి, నా భుజం మీద తల పెట్టి, నా కోసమే వెక్కి వెక్కి ఏడ్చింది. అత్తయ్య పరుగెత్తుకొచ్చి, సంగతి తెలుసుకుని, కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇప్పుడు మా ఇంట్లో చుక్క పెట్టుకునేది ఇద్దరం. పొద్దున్నే నేను దానికి పెడతాను, అది నాకు పెడుతుంది. ఎక్కడ పెట్టాలో దాని ఇష్టం. ఒకరోజు నుదుటి మీద, ఒకరోజు ముక్కు కొన మీద. వీధిలోవాళ్ళు నవ్వితే నవ్వనీ. రోజంతా అది నా దగ్గరికి వచ్చి, చుక్క మీద వేలు పెట్టి చూసుకుని, "ఈ అమ్మే," అని వెళ్ళిపోతుంది. నేను కూడా తల ఊపి, దాని చుక్కని ముట్టుకుంటాను.

ఉపేంద్ర రోజూ అడుగుతాడు, నీకెలా ఉంది ఇందూ అని. బాగానే ఉందంటాను. అత్తయ్యకి బాగుంది, ఆయనకీ బాగుంది, పిల్ల కూడా మెల్లగా మెరుగవుతోంది. ఇంకో కొత్త దిగులు ఆ మనిషి నెత్తిన పెట్టడం దేనికి? ధాత్రి చుక్క పెట్టి వెళ్ళగానే, తలుపు వేసుకుని అద్దంలో చూసుకుంటాను. చుక్క పెట్టిన చోట వేలితో రాస్తాను. వేలికి నల్లగా అంటుకుంటుంది. అద్దంలో మాత్రం నా మొహం మీద ఇంతవరకూ ఏ చుక్కా కనిపించలేదు.